పంది లాగిన స్ప్రింగు వైరు

ఈ ఏడాది ఇటుకల పండుగకి మా పనసగూడలో ఇద్దరు మగాళ్లు వేటకి వెళ్లలేదు. ఒకణ్ణి నేను. మోకాలు వంగదు. రెండోవాడు సోంబరు, నా భార్య సోములమ్మకు తమ్ముడు. సోములమ్మ పోయి ఆరేళ్లయింది. సోంబరు పాదం మీద పనసకాయ పడి ఉబ్బిపోయింది. ఒకడు చెట్టెక్కి కాయ కోస్తుంటే సరిగ్గా దాని కింద నిలబడి పైకి చూశాడట. నాకు జాలి కలగలేదు.

వాడి ఇంటికీ నా ఇంటికీ మధ్య ఇరవై అడుగులు. తొమ్మిదేళ్లుగా నేను వాడితో మాట్లాడలేదు. సోములమ్మ చావు రోజున వాడు పాడె మోశాడు. అప్పుడూ మాట్లాడలేదు.

మా పండుగ సంగతి చెప్పాలి. చైత్రంలో విత్తనాలు దేవుడి ముందు పెట్టి మొక్కాక మగాళ్లంతా అడవికి పోతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఊరు ఆడవాళ్లది. రోడ్డూ వాళ్లదే. అడ్డం కట్టి వచ్చేపోయే బండ్లను ఆపుతారు. ఇచ్చేవాళ్లు తోచింది ఇస్తారు, ఇవ్వనివాళ్లు రెండడుగులు ఆడి పోతారు. ఆఖరి రోజు మగాళ్లు దిగుతారు. ఏదైనా కొట్టి తెస్తే పాటలు పాడి ఎదురెళ్తారు. ఉత్త చేతులతో వస్తే పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఆ తర్వాత కల్లంలో అందరూ కలిసి థింసా ఆడతారు.

ఈసారి ఆ ఆట దగ్గరే చిక్కొచ్చింది. థింసాకి మోరి సన్నాయి ఊదే ముసలాయన పోయిన వానల్లో చనిపోయాడు. ఆయన బతికుండగా ఒక్కడూ నేర్చుకోలేదు. కుర్రాళ్లు హుకుంపేట నుంచి డీజే డబ్బా తెప్పిద్దామన్నారు. ఊరంతా కూర్చున్న చోట నా కూతురు హేమలత లేచి నిలబడింది.

"డీజే ఎందుకు? మోరి రాగం నాను గిటారు మీద వాయిస్తాను" అంది.

హేమలతకి ఇరవై మూడేళ్లు. కాఫీ నర్సరీలో పని చేస్తుంది. తన కూలి డబ్బుతోనే పాత గిటారొకటి కొనుక్కుంది. ఫోనులో చూసి నేర్చుకుంది. నేను నేర్పలేదు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకి గిటారు వాయించినవాణ్ణే. కానీ తొమ్మిదేళ్ల కిందట మానేశాను. మానేసిన పని నేర్పను.

ఊరివాళ్లు రమణి వైపు చూశారు. రమణికి డెబ్బై దాటాయి. ఇప్పుడు థింసా వరుసకి ముందు నడిచేది ఆమే. అంతకుముందు సోములమ్మ నడిచేది. రమణి కాలు కదిపితేనే వరుస కదులుతుంది.

"ఏదీ, వాయించు సూద్దాం" అంది రమణి.

హేమలత కల్లంలోకి సౌండు బాక్సు మోసుకొచ్చి వాయించింది. రాగం తప్పలేదు. తాళం తప్పలేదు. నేను కల్లం గట్టు మీద కూర్చుని విన్నాను. రమణి నడుం మీద చేతులు పెట్టుకుని, తల పక్కకి వాల్చి, చివరిదాకా విని చెప్పింది.

"మాడిపోయిన డేకిసా గీకినట్టుందే గుంటా."

"రాగం అదే కదవ్వా?"

"రాగం అదేనే. సెవికి ఎక్కతంది. కాలికి దిగటం నేదు."

మిగతా ముసలమ్మలు కూడా తమ కాళ్ల వైపు చూసుకున్నారు. ఒక్క కాలూ కదల్లేదు.

"ఆఖరి రోజు ఇంకోపాలి వాయించు" అంది రమణి. "అప్పుడూ దిగకపోతే ఆ డబ్బాయే తెచ్చుకుందురు గాని."

కుర్రాళ్లు ఈలలు వేశారు. హేమలత బాక్సు ఎత్తుకుని ఇంటికొచ్చింది. పొయ్యి ముందు కూర్చుని అన్నం వండింది. తర్వాత అడిగింది.

"అయ్యా, నువ్వు వాయించినప్పుడు ఆళ్ల కాళ్లు కదిలేవా?"

"కదిలేవి."

"మరి నా గిటారుకేటయింది?"

"గిటారుకేం కాలేదు."

"నా సేతికేటయింది?"

"చేతికీ ఏం కాలేదు."

"మరి ఏటి?"

"అన్నం పెట్టు" అన్నాను.

తప్పెక్కడుందో నాకు తెలుసు. తప్పు వైరుది. గిటారుకీ బాక్సుకీ మధ్య ఉండే వైరు. హేమలత దగ్గరున్నది ఈ కాలం వైరు, తిన్నగా ఉంటుంది. మా రోజుల్లో గిటారు వాయించేవాళ్లందరి దగ్గరా స్ప్రింగు వైరు ఉండేది. పాత టెలిఫోనుకి ఉండే తీగలాగా మెలికలు మెలికలుగా ఉంటుంది. చూస్తే రెండు మూరలు, లాగితే ముప్పై అడుగులు. ముందుకెళ్తే సాగుతుంది, వెనక్కొస్తే ముడుచుకుంటుంది. కాళ్లకి అడ్డం రాదు. ఇంకో గుణం ఉంది. అంత పొడవు తీగ మెలికలన్నీ తిరిగి వచ్చేసరికి కీచుదనం దారిలోనే రాలిపోతుంది. బాక్సులోంచి గుండ్రటి సౌండు వస్తుంది. తర్వాత తిన్నని వైర్లు వచ్చాయి. తీగ మీద గోరు గీసినా వినపడుతుంది, అదే గొప్ప అన్నారు. అందరూ వాటికి మారిపోయారు. స్ప్రింగు వైర్లు పారేశారు. గోరు గీసిన చప్పుడు వినడానికి మా ముసలమ్మలు కల్లానికి రారు.

నా స్ప్రింగు వైరు ఎర్రది. విశాఖలో పాత సామాన్ల కొట్టులో కొన్నాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. పాతికేళ్ల పైన వాడాను. తొమ్మిదేళ్ల కిందట ఒక సంత రోజు సోంబరు దాన్ని అడక్కుండా పట్టుకెళ్లి జీపు మీద పందిని కట్టాడు. ఘాటీ మలుపులో పంది జీపు మీంచి దూకింది. వైరు తెగలేదు. పంది వేలాడుతూ రెండు మలుపులు వచ్చింది. ఇంటికి తెచ్చేసరికి వైరులో ఒక్క మెలిక లేదు. చచ్చిన పాములా ఉంది.

"నానే కట్టాను బావా, తప్పయింది" అన్నాడు సోంబరు.

ఆ రోజుతో మాట పోయింది, వాయించడం పోయింది. వైరు అటకెక్కింది. హేమలతకి చెప్తే దాన్ని దించాలి. దించితే సోంబరు మొహం గుర్తొస్తుంది. అందుకే అన్నం పెట్టమన్నాను.

*

మగాళ్లు అడవికి పోయిన మూడో రోజు గంగ మా ఇంటికొచ్చింది. గంగ సోంబరు భార్య. వరసకి నాకు చెల్లెలు. ఆమెతో నాకు తగువు లేదు. ఆమెతో తగువు పెట్టుకునే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

"బుధన్నా, తాడుందా? రోడ్డుకి కట్టినది తెగిపోనాది."

"లేదు."

లేదన్న మాట ఆమె చెవిన పడలేదు. నిచ్చెన వేసుకుని అటకెక్కింది. బుట్టలు కదిలాయి, దుమ్ము రాలింది. దిగేటప్పుడు చేతిలో ఎర్ర వైరు ఉంది.

"ఇదేటి? మెత్తగా ఉంది. బండోడు గుద్దినా పడడు."

"దాన్ని ముట్టుకోకు."

"పండగలో ఆడోళ్లకి ఎదురు సెప్తావేటి?" అని గంగ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అయినా నువ్వేటి, ఇంట్లో కూకున్నావు? వేటకెల్లని మగోడికి సిచ్చ ఉందని తెలీదేటి? ఓలె, రండర్రా! ఇక్కడొకడు దొరికినాడు!"

నలుగురు వచ్చారు. రెండు రెక్కలూ పట్టుకుని నన్ను రోడ్డు మీదకి తీసుకెళ్లారు. నేను పెనుగులాడలేదు. మోకాలు నొప్పి. ఎదురింట్లోంచి ఇంకో నలుగురు సోంబరుని తెస్తున్నారు. వాడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు, నవ్వుతున్నాడు. శిక్షకి తీసుకెళ్తుంటే నవ్వే మనిషి వాడు.

రమణి తీర్పు చెప్పింది.

"ఈలిద్దరూ గేటు గుంజలు. ఒకడు ఆ పక్క, ఒకడు ఈ పక్క. బండొస్తే తీగ ఎత్తండి. ఆడినాక దించండి. మజ్జాన్నం అంబలి పోస్తాం."

రోడ్డుకి అటొక బండరాయి, ఇటొక బండరాయి. అటు వాడు, ఇటు నేను. మధ్యలో ఆ వైరు. ఏ వైరు కోసం వాడి మొహం చూడ్డం మానేశానో, ఆ వైరు ఒక కొస వాడి చేతిలో, రెండో కొస నా చేతిలో. తల దించుకుంటే వైరు కనపడుతుంది. ఎత్తితే వాడు.

పని చిన్నదే. మాట్లాడుకునేవాళ్లకి చిన్నది. వాడు ఎత్తినప్పుడు నేను దించాను. నేను ఎత్తేసరికి వాడు దించాడు. అరటి గెలల ఆటో ఒకటి మధ్యలో ఇరుక్కుని, ముందుకెళ్లాలో వెనక్కెళ్లాలో తెలియక హారను కొట్టింది. గంగ నడుం మీద చేతులు పెట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"మా ఆయన అడగతన్నాడు, ఎప్పుడు దించాలో సెప్పమని."

"బండి ఆడి వెళ్లాక అని చెప్పు."

గంగ అటు వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"బండి ఆడదు, బండోడు ఆడతాడు అంటన్నాడు."

"పెద్ద తెలివి. వాచింది పాదం ఒక్కటే అనుకున్నాను."

గంగ అటు వెళ్లింది. అక్కడ నవ్వు వినపడింది. మళ్లీ వచ్చింది.

"నీ మోకాలు వంగకపోతే నీ నోరెందుకు అంత వంకరగుందని అడగతన్నాడు."

ఈసారి ఆడవాళ్లంతా నవ్వారు. నాలుగు సార్లు తిరిగాక గంగకి చెమట పట్టింది. "నా వల్ల కాదర్రా, మీరూ మీరూ సావండి" అని చింతచెట్టు నీడకి పోయింది.

మైదానం నుంచి ఒక కారు వచ్చింది. లోపల అమ్మా నాన్నా, ఇద్దరు ఆడపిల్లలు. దిగి చక్కగా ఆడారు. పోయేటప్పుడు ఒక అమ్మాయి ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అంకుల్, ఒక్కసారి నవ్వరా? ఫోటో."

నేను నవ్వలేదు.

"ఆయన నవ్వితే వానొస్తాదమ్మా" అని అరిచింది గంగ చెట్టు కింద నుంచి. "నవ్వన్నా, నవ్వు! కాఫీ పువ్వుకి ఒక వాన కావాల!"

అంబలి తాగాక కాసేపు బండ్లు రాలేదు. ఎండ బాగా ఉంది. సోంబరు కునికిపాట్లు పడుతున్నాడు. కొస చేతికి చుట్టుకుని వైరు పైకెత్తే ఉంచాడు. అప్పుడు పైమలుపులోంచి ఒక మోటారు సైకిలు దిగింది. వెనక రెండు కోళ్ల గంపలు. నడిపేవాడు కాళ్లు నేలకి రాస్తున్నాడు. బ్రేకు లేదని అర్థమైంది. వైరు సరిగ్గా వాడి మెడ ఎత్తులో ఉంది. ఆడవాళ్లు కేకలేశారు. సోంబరు కళ్లు తెరిచి ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు.

"దించరా సోంబరూ!" అన్నాను.

దించాడు. నేనూ దించాను. బండి వైరు మీంచి దూసుకుపోయి, యాభై అడుగుల అవతల కంచెకి ఆనించిన గడ్డి మోపులో ఆగింది. గంపలు ఊడి కోళ్లు రోడ్డెక్కాయి. ఆ మనిషి గడ్డిలోంచి లేచాడు. చేతులూ కాళ్లూ తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే రోడ్డు మధ్యకొచ్చి ఆడడం మొదలుపెట్టాడు. అంత బాగా ఆ రోజు ఎవరూ ఆడలేదు. ఆడవాళ్లు నవ్వుతూనే వాడి కోళ్లు పట్టిచ్చారు.

నవ్వులు తగ్గాక గంగ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో! బుధన్న మాటాడినాడు!"

"బండివాడి కోసం అన్నాను" అన్నాను.

"నన్ను 'రా' అన్నావు బావా" అన్నాడు సోంబరు. వాడి మొహం చూడాలి. పెళ్లికి పిలిచినట్టు ఉంది.

ఆ సమయానికి హేమలత నర్సరీ నుంచి వచ్చింది. నీళ్లబాటిలు నాకివ్వబోయి, నా చేతిలోని వైరు కొస చూసి ఆగిపోయింది. దుమ్ము తుడిచింది.

"అయ్యా. ఇది గిటారు పిన్ను కదా?"

నేను రోడ్డు వైపు చూశాను. హేమలత అటు వెళ్లి సోంబరు చేతిలోని కొస చూసింది. అక్కడా పిన్నే. వైరు చుట్ట చుట్టుకుని ఇంటికి పరిగెత్తింది. గేటు లేక ఒక జీపు ఊరికే వెళ్లిపోయింది. రమణి తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో మా ఇంట్లోంచి గిటారు వినపడింది.

మోరి రాగం. మెత్తగా, గుండ్రంగా. కీచు లేదు. రమణి తెరిచిన నోరు అలాగే ఉంది. నేను ఆమె పాదాలు చూశాను. కుడికాలి బొటనవేలు రెండు సార్లు రోడ్డు మీద కొట్టింది.

"అదీ" అంది రమణి.

ఆ వెంటనే బాక్సు బరబరమని, సౌండు ఆగిపోయింది.

*

పిన్ను వదులైంది. అది చిన్న పని, పది నిమిషాల్లో అతికించాను. అసలు పని అది కాదు. థింసాలో వాయించేవాడు ఒకచోట నిలబడితే కుదరదు. వరుస పాములా తిరుగుతుంటే ముందు నడవాలి. ముప్పై అడుగుల తిన్నని వైరు నేల మీద పడుంటే యాభై మంది కాళ్లు దాని మీదే పడతాయి. మొదటి చుట్టులోనే రమణి బోర్లా పడుతుంది. వైరుకి మళ్లీ మెలికలు పెట్టాలి.

మెలికలు పెట్టడం ఒక్కడి పని కాదు. పాతికేళ్లలో వైరు సాగినప్పుడల్లా ఇద్దరం కూర్చుని పెట్టేవాళ్లం. నాకు తెలుసు, రెండోవాడికి తెలుసు. మూడోవాడికి తెలియదు.

"మీ మామని..." అన్నాను హేమలతతో.

"వచ్చినాడు" అంది.

సోంబరు గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని నేననలేదు. హేమలత అంది. వాడు వచ్చి, తొమ్మిదేళ్ల కిందట ఎక్కడ కూర్చునేవాడో అక్కడే కూర్చున్నాడు.

బొటనవేలంత లావు వెదురు కర్ర తీసుకున్నాను. నేను కర్ర తిప్పాలి, వాడు వైరు బిగించి అందించాలి.

"గట్టిగా లాగు."

"లాగతన్నాను."

"మెలిక మీద మెలిక ఎక్కుతోంది. కళ్లు కూడా వాచాయా?"

"కర్ర వంకరగా తిప్పతన్నావు బావా. నన్నంటావేటి?"

హేమలత నీళ్లు మరిగించింది. చుట్టిన కర్రను పెద్ద డేకిసాలో పెట్టి, పిన్నులు రెండూ నీళ్లకి అందకుండా పైకి కట్టాం. ఇల్లంతా రబ్బరు వాసన. గంగ ముక్కు మూసుకుని తొంగి చూసింది.

"ఏటి వండతన్నారు? వేటకెల్లనోళ్ల కూరా?"

"నీ మొగుడి వంతు కూడా ఉంది, కూర్చో" అన్నాను.

గంగ కూర్చుంది. హేమలత నవ్వు ఆపుకోలేక పొగ నెపం పెట్టి బయటికి పోయింది. మా ఇంట్లో ఆడమనిషి అలా నవ్వి ఎన్నాళ్లయిందో నేను లెక్క పెట్టలేదు.

కర్రను ఊరి పక్కన పారే గెడ్డ నీళ్లలో చల్లార్చి, మర్నాడు మధ్యాహ్నం దాకా కదపకుండా ఉంచాం. తర్వాత రెండో పని. కర్ర తీసేసి, ఒక్కో మెలికనూ ఎదురు దిక్కుకి తిరగెయ్యాలి. అలా చేస్తేనే స్ప్రింగు బిగుస్తుంది. నేను ఒక కొస తిప్పుతుంటే వాడు వేళ్ల మధ్య నుంచి మెల్లగా వదులుతుండాలి. వందల మెలికలు. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు. నాది ఊరుకుంటుంది, వాడిది ఊరుకోదు.

"బలే వైరు బావా. అంత పంది యేలాడినా తెగలేదు సూడు."

నేను తిప్పుతున్నాను.

"నలబై కేజీలుంటాది. నల్లటిది. ఒక సెవి మాత్తరం తెలుపు. ఆ సెవి ఊపుకుంటా, జీపు పక్కన గాల్లో పరిగెడతన్నట్టే..."

వాడు నవ్వుతున్నాడు. నేను ఇంకో మూడు మెలికలు తిప్పాను. నల్ల పంది, ఒక చెవి తెలుపు. అలాంటి పందిని నేను చూశాను. మా పెరట్లో చూశాను. సోములమ్మ దానికి గంజి పోసేది. ఒక రోజు అది కనపడకపోతే, వ్యాపారి ఇంటికొచ్చి తోలుకుపోయాడని చెప్పింది.

"నీకు పందులెప్పుడున్నాయిరా?" అన్నాను.

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నాకు రాలేదు. వాడు మేకలు పెంచాడు, కోళ్లు పెంచాడు. పందిని ఎప్పుడూ పెంచలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన విషయం. నాకూ తెలుసు.

సోంబరు వేళ్లు ఆగాయి.

"వైరుతో పందిని కట్టింది అక్కే బావా" అన్నాడు. "రెండ్రోజులు నీ పేరు సెప్పుకోరా, కోపం సల్లారినాక నాను సెప్తాను అంది. నీ నోరు సంగతి తెలుసు కదా."

"రెండు రోజులు."

"అలాగే అనుకున్నాం."

"తర్వాత?"

"పండగ ఎల్లనీ అంది. కోతలెల్లనీ అంది. నువ్వు నా దిక్కే సూసీవోడివి కాదు. అది ఇంకా బయపడింది. తరవాత జొరమొచ్చింది కదా."

మూడేళ్లు ఆమె కూర గిన్నె పట్టుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగింది. తమ్ముడి పక్షం అనుకున్నాను. రెండు మూడు సార్లు అన్నాను కూడా.

"నువ్వెందుకు చెప్పలేదు? ఆమె పోయాక?"

"పోయినోళ్ల మీద సెప్పమంటావేటి?" అన్నాడు వాడు.

వాకిట్లో హేమలత కొత్త రాగం సాధన చేస్తోంది. ఒకే చోట తప్పుతోంది, మళ్లీ మొదలుపెడుతోంది. నా చేతిలోని వైరు కొస చూశాను.

"వదులుతూ ఉండు. ఆగితే మెలిక చెడుతుంది" అన్నాను.

వాడు వదిలాడు. పొద్దు గూకే వేళకి పని అయింది. వైరు రెండు మూరలకి ముడుచుకుంది. పాతదంత బిగువు రాలేదు. నేను వాడికి అదే చెప్పాను.

మర్నాడు పొద్దున సోములమ్మని పాతిన చోటికి వెళ్లాను. ఆరేళ్లలో అక్కడికి వెళ్లినా నోరు తెరవలేదు. ఆ రోజు తిట్టాను. పంది గురించి తిట్టాను, అబద్ధం గురించి తిట్టాను, రెండు రోజులన్న దాని లెక్క గురించి తిట్టాను. ఊపిరి అందక రాయి మీద కూర్చున్నాను. దారిన పోతున్న మేకలవాడు ఆగి, మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

సోంబరుని క్షమించానా అని ఊళ్లో కొందరు అడిగారు. లేదు. వైరు పాడు చేసినందుకు ఉన్న కోపం తీసేశాను. తొమ్మిదేళ్లు అబద్ధం చెప్పినందుకు కొత్తది పెట్టుకున్నాను. ఈ కోపం మాట్లాడుతూ కూడా ఉంచుకోవచ్చు.

*

ఆఖరి రోజు మధ్యాహ్నం మగాళ్లు దిగారు. ముందు నడిచేవాడు కర్రకి కట్టిన కోడిని ఎత్తి చూపిస్తూ "అడవి కోడి! అడవి కోడి!" అని అరుస్తున్నాడు. గంగ ఎదురెళ్లి కోడిని అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లగా, లావుగా, రెక్కలు కూడా ఎత్తలేనట్టుంది.

"ఇది ఏ అడవి? హుకుంపేట సికెను సెంటరడవా?"

పేడనీళ్ల కుండలు సిద్ధంగానే ఉన్నాయి. ఒక్కణ్ణీ వదల్లేదు. తప్పించుకోవడానికి ఒకడు మా ఇంట్లో దూరాడు. నేనే బయటికి తోశాను.

కడుక్కుని అందరూ కల్లంలోకి వచ్చారు. కుర్రాళ్లు డీజే వాడికి ఫోను చేసి ఉంచారు. పిలిస్తే అరగంటలో వ్యాను వస్తుందని అందరికీ వినపడేట్టు చెప్పుకుంటున్నారు. హేమలత కల్లం మధ్యలో బాక్సు పెట్టింది. ఎర్ర వైరు ఒక కొస బాక్సులో, రెండో కొస గిటారులో. వాళ్లమ్మ పండగ చీర కట్టుకుంది. నాకు చెప్పలేదు. సోంబరు వాచిన పాదం పీట మీద పెట్టుకుని ఒళ్లో డప్పు పెట్టుకున్నాడు. నేను బాక్సు పక్కన కూర్చున్నాను. పిన్ను వదులైతే చూడాలి కదా.

ముసలమ్మలు వరుస కట్టారు. ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలిపారు. ముందు రమణి.

హేమలత మొదలుపెట్టింది. మొదటి చుట్టు రమణి కదల్లేదు. కళ్లు మూసుకుని నిలబడింది. కుర్రాళ్లలో ఒకడు ఫోను తీశాడు. రెండో చుట్టుకి సోంబరు డప్పు అందుకున్నాడు. రమణి కుడికాలు లేచింది. దిగింది. వరుస మొత్తం ఒక్కసారి వంగి లేచింది.

హేమలత వాళ్లకి ముందు వెనక్కి వెనక్కి నడుస్తోంది. వైరు సాగుతోంది, ముడుచుకుంటోంది. ఎవరి కాలికీ తగల్లేదు. వరుస బాక్సు చుట్టూ తిరిగి, మెలిక తిరిగి, మళ్లీ తిరిగింది. పేడ వాసన పోని మగాళ్లు కూడా తోకలో చేరారు. గంగ నా వైపు ఏదో అరిచింది. వినపడలేదు.

నాలుగో చుట్టులో రమణి ఆగిపోయింది.

ఆమె ఆగితే వరుస ఆగింది. వరుస ఆగితే డప్పు ఆగింది. హేమలత ఒక్కతే ఇంకో రెండు స్వరాలు వాయించి, ఆపి, గిటారు గట్టిగా పట్టుకుంది. కుర్రాడు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. రమణి వరుస విడిచి, నడుం పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ హేమలత దగ్గరకి వచ్చింది. గిటారు చూసింది. వైరు చూసింది. హేమలత కట్టుకున్న చీర కూడా చూసింది.

"ఏటవ్వా? మళ్లీ కాలికి దిగట్లేదా?" అంది హేమలత.

"కాలికి దిగింది. సెవికే ఎక్కట్లేదు" అంది రమణి. "ఈ డప్పు మోతలో నాకు సెవుడే గుంటా. సౌండు పెంచు."

హేమలత రెండు చేతులూ గిటారు మీద ఉన్నాయి. బాక్సు నా పక్కనుంది. మీట నేనే తిప్పాను. సగం దాకా తిప్పి రమణి వైపు చూశాను. ఆమె ఇంకా అన్నట్టు చెయ్యి ఊపింది. చివరిదాకా తిప్పాను.